ఎదురు తీగ

తాళాలబ్బాయికి యాభై దగ్గర పడుతున్నాయి. అయినా అందరికీ తాళాలబ్బాయే. నడుముకి గుత్తి వేలాడేసుకుని నడుస్తుంటే ఆ గలగలకి వీధి కుక్కలు తప్పుకుంటాయని అతనే చెప్పుకుంటాడు. కుక్కని చూడగానే పక్క సందులోకి తప్పుకునేది అతనేనని చూసినవాళ్ళు చెబుతారు. చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే సంస్థ ఒకటుంది. అందులో స్టోరు అతనిది. పుస్తకాలు చదివే గొంతు వాళ్ళ అక్కది. ఆ గొంతుని దాచే డిస్కు పెట్టెలకి తీగలు కలిపే పని వాళ్ళ బావది. ఒక్క ఇంట్లోంచి ముగ్గురికి ఉద్యోగాలు ఎలా వచ్చాయని అడిగినవాళ్ళకి ఆ ఇంట్లో టీ ఆగిపోయింది కాబట్టి ఆ సంగతి మనకొద్దు.

బావ మంచివాడే గానీ పలకరించకూడదు. బాగున్నారా అంటే చాలు, తీగల్లోకి దిగేవాడు. కంప్యూటర్లో పట్టనన్ని డిస్కులు కావాలంటే వాటిని బయట పెట్టెల్లో పెట్టి, లావుపాటి కేబులుతో ఒకదాని తర్వాత ఒకటి కలుపుకుంటూ పోతారట. ఆఖరి పెట్టెకి అరచేతిలో పట్టేంత దిమ్మ ఒకటి బిగిస్తారట. దానికి టెర్మినేటర్ అని పేరున్నా బావ మాత్రం బిరడా అనేవాడు. బిరడా లేకపోతే తీగలో పంపిన మాట చివరికంటా పోయి, గోడకి కొట్టిన బంతిలా వెనక్కొస్తుందట.

"తీగలు రెండు రకాలబ్బాయ్," అనేవాడు, తాళాలబ్బాయి అప్పటికే ఆవలిస్తున్నా. "ఒంటితీగలో ఒక్కటే మాట. దారిలో దాని మీద ఏ చప్పుడు పడినా, అదీ మాటే అనుకుంటుంది అవతలి పెట్టె. జంటతీగ అలా కాదు. ఒకటి అవునంటే, అదే క్షణంలో పక్కది కాదంటుంది. అవతలిది ఆ రెంటికీ ఉన్న తేడా చూసుకుంటుంది. బయటి చప్పుడు రెంటి మీదా ఒకేలా పడుతుంది కదా, తేడా తీసేసరికి కొట్టుకుపోతుంది. అందుకే జంటతీగని ఎంత దూరమైనా లాగొచ్చు. మీ అక్కా నేనూ అన్నమాట."

"అదేం కాదు," అనేది అక్క వంటింట్లోంచి.

"విన్నావా? సిగ్నలు బాగుంది," అనేవాడు బావ.

అక్క దేనికైనా 'అదేం కాదు' తోనే మొదలుపెట్టేది. వాన పడుతోందంటే అదేం కాదు, చినుకులంతే అనేది. కూర బాగుందంటే అదేం కాదు, నీకు ఆకలేసింది అనేది. నోటికి అలవాటైపోయి డాక్టరుతో కూడా అలాగే అంది. ఆయన గొంతులో పుండు ఉందన్నాడు. అదేం కాదు, చదివి చదివి రాసుకుపోయింది అంది. ఈసారి డాక్టరుదే నిజమైంది. ముందు గొంతు పోయింది. తర్వాత ఏడాది పాటు పలక మీద 'కాదు' అని రాసి చూపించింది. తర్వాత పలక కూడా ఖాళీ అయింది.

అక్క పోయాక బావ తీగల మాట ఎత్తడం మానేశాడు. ఆ వీధివాళ్ళు మొదట కాస్త సుఖపడ్డారు, తర్వాత భయపడ్డారు. ఒకరోజు తాళాలబ్బాయి వెళ్ళేసరికి బావ అద్దం ముందు నిలబడి ఉన్నాడు. "అదేం కాదు," అంటున్నాడు. కాసేపాగి కొంచెం సన్నగా, "అదేం కాదు." మళ్ళీ కొంచెం విసుగ్గా.

"ఏంటి బావా అది?"

"ముఖం గుర్తుందిరా. చెయ్యి ఎలా ఊపేదో గుర్తుంది. గొంతు గుర్తు రావట్లేదు." ఇటు తిరిగాడు. కళ్ళు గుంటలు పడిపోయాయి. "ఒక్కసారి వింటే చాలు. మళ్ళీ మర్చిపోను."

ఇంట్లో అక్క గొంతు ఎక్కడా లేదు. ఎవరైనా ఫోను ఎత్తి రికార్డు చేయబోతే, "పొద్దస్తమానం వాగి వచ్చాను, ఇంట్లో కూడానా?" అని చెయ్యి అడ్డం పెట్టేది. ఉన్నదల్లా సంస్థ నేలమాళిగలో ఉన్న పాత పెట్టెల్లోనే. సంస్థవాళ్ళేమో జీతం అడగని, జలుబు చేయని కంప్యూటరు గొంతు ఒకటి తెచ్చుకుని, పాత సామానంతా లారీలకి ఎక్కిస్తున్నారు. ఆ పెట్టెల్ని పిండి చేసే యంత్రానికి పంపుతారట. లారీ రేపు పొద్దున్నే వస్తుందని తాళాలబ్బాయి నోరు జారాడు.

బావ అప్పుడే చెప్పులు వేసుకున్నాడు.

*

నేలమాళిగలో పగలూ రాత్రీ ఒకటే. బయట మధ్యాహ్నం ఎండ మాడుస్తున్నా, మెట్లు దిగేసరికి తడి గోడల వాసన, ఎప్పుడో వేడెక్కి చల్లారిన దుమ్ము వాసన. పక్కపక్కనే రెండు గదులు. ఒకటి అక్క చదివే గది. దాని గోడలకి నల్లటి స్పాంజి అంటించి ఉంటుంది. తలుపేస్తే మన గుటక మనకే పెద్దగా వినిపిస్తుంది. రెండోది పెట్టెల గది. డిస్కుల్ని చల్లబరిచే ఫ్యాన్ల రొద చదువులో పడకూడదని పెట్టెల్ని గోడకి అవతల పెట్టి, కన్నంలోంచి పొడుగాటి కేబులు లాగారు. అంత దూరం కాబట్టే అప్పట్లో బావ పట్టుబట్టి జంటతీగ వేయించాడు.

పెట్టెల గది గుమ్మం తాళాలబ్బాయి ఎప్పుడూ దాటలేదు. తాళం తీసి పక్కకి జరగడమే. ఆ ఫ్యాన్లు ఎవరో నోరు మూసుకుని రాగం తీస్తున్నట్టు ఉంటాయని అతని బాధ. ఈసారీ గుమ్మం అవతలే నిలబడ్డాడు. బావ లోపలికెళ్ళి ఒక్కో పెట్టెనీ తడుముతూ ఆఖరి దాని దగ్గర ఆగాడు.

"బిరడా ఏదిరా?"

"ఏ బిరడా?"

"నీ నోటికి పెట్టేది కాదు. దీనికి పెట్టేది."

తాళాలబ్బాయి తల గోక్కున్నాడు. "స్టోర్లో టేబులుకి ఒక కాలు పొట్టి బావా. ఊగుతుంటే దాని కింద…"

"టేబులేదీ?"

"మొన్న లారీలో పోయింది."

బావ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తాళాలబ్బాయి పరుగున స్టోరుకి వెళ్ళి, సొరుగులన్నీ తిరగేసి, దుమ్ము పట్టిన దిమ్మ ఒకటి పట్టుకొచ్చాడు. "ఇదిగో, ఇంకోటి ఉంది! బిరడా అంటే బిరడానే కదా?"

బావ దాన్ని తిప్పి చూశాడు. "ఇది ఒంటితీగ రోజులది. వరసలో ఇలాంటిది ఒక్కటి చేరితే చాలు, వరసంతా ఒంటితీగలోకి దిగిపోతుంది. కాదనే తీగలన్నీ ఎర్తులో కలిసిపోతాయి."

ఎర్తులో అంటే మట్టిలోనే. అన్నాక ఇద్దరూ కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"అయితే పని చెయ్యదా?"

"చేస్తుంది. కానీ ఒంటితీగ మూరెడుంటేనే దానికి క్షేమం. ఇది గోడ దాటి పోవాలి. దారిలో ఏం పడితే అది లోపలికొచ్చేస్తుంది."

"ఏం పడుతుంది బావా?"

"ఏముంటే అది," అన్నాడు బావ. వేరేవాడెవడైనా ఈ పని చేస్తే వాడి ఏడు తరాలనీ తిట్టేవాడే. ఇప్పుడు మాత్రం వంగి, పాత బిరడాని ఆఖరి పెట్టెకి బిగించాడు.

*

తాళాలబ్బాయి అలవాటు కొద్దీ పెట్టెల గదికి మళ్ళీ తాళం వేశాక, ఇద్దరూ స్పాంజి గదిలో కంప్యూటరు ముందు కూర్చున్నారు. కన్నంలోంచి ఫ్యాన్ల రాగం సన్నగా వస్తోంది. కంప్యూటరు ఒక్కో నంబరునీ పిలిచి ఉన్నావా అని అడుగుతుంది. ఆ నంబరు పెట్టుకున్న డిస్కు ఉన్నానంటుంది. డిస్కులన్నీ పలికాయి. తర్వాత, ఎవరికీ ఇవ్వని ఖాళీ నంబర్లు కూడా వరసగా ఉన్నాం ఉన్నాం అన్నాయి.

"ఇదేంటి బావా, లేనివాళ్ళు కూడా హాజరు పలుకుతున్నారు?"

"పాత బిరడా కదా. మాట వెనక్కి తన్నుతోంది," అన్నాడు బావ. చూపు తెర మీదే ఉంది. వెంట తెచ్చిన చిన్న డిస్కుని తగిలించి, అక్క చదివినవన్నీ అందులోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. ఎక్కుతుండగానే ఆఖరున చదివిన పుస్తకాన్ని స్పీకర్లోకి వదిలాడు.

"తేనెటీగల పెంపకం," అంది అక్క. "మూడో అధ్యాయం."

బావ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. తాళాలబ్బాయి గోడ వైపు తిరిగి స్పాంజిలో ఉన్న గుంటల్ని శ్రద్ధగా పరిశీలించాడు. తుమ్ము వస్తోందని అతను తర్వాత చెప్పాడు. అక్క చదువుతూనే ఉంది. రాణి ఈగ గురించీ, పెట్టెకి వేసే మూత గురించీ, పొగ పెట్టేటప్పుడు గాలి ఎటు వీస్తోందో చూసుకోవడం గురించీ. లోకంలో ఇంత అందమైన విషయాలు ఇంకేవీ లేవన్నట్టు ఇద్దరూ విన్నారు.

వాక్యానికీ వాక్యానికీ మధ్య అక్క ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది.

ఊపిరి వదలడం కూడా వినిపిస్తోంది… వేరే చోటి నుంచి.

"బావా, ఫ్యానా అది?"

బావ శబ్దం పెంచాడు. అక్క గొంతు కింద, పొట్టులా, ఒక గుసగుస. అక్క చదివే మాటలే. "మాట వెనక్కొస్తోందన్నానుగా," అన్నాడు బావ. అన్నాక నోరు తెరిచే ఉంచేశాడు.

వెనక్కొచ్చేది వెనక రావాలి. ఇది ముందు వస్తోంది.

'ఈగలు చీకటిని ఇష్టపడతాయి,' అంది గుసగుస.

"ఈగలు చీకటిని ఇష్టపడతాయి," అని చదివింది అక్క.

"అలా ఎలా బావా?"

"అవ్వదు," అన్నాడు బావ నెమ్మదిగా. "డిస్కులో రాసింది అంకెలే. తీగ చెడితే అంకె తప్పుతుంది, బొయ్యిమంటుంది, ఆగిపోతుంది. మనిషి రాడు." మళ్ళీ విన్నాడు. "మేం జంటతీగ మీద విన్నన్నాళ్ళూ ఇది రెంటి మీదా పడి కొట్టుకుపోయిందా? అప్పట్నుంచీ… ఉందా?"

ఎవరో ఆమె చెవి దగ్గర కూర్చుని ఒక్కో మాటా అందిస్తున్నట్టు, ఆమె ఒక్కో మాటా తిరిగి అప్పజెబుతున్నట్టు. మూడో అధ్యాయం చివరి పేజీల్లోకి వచ్చింది. అక్క దగ్గింది. గ్లాసు చప్పుడు.

"గొంతు మండుతోంది. ఇవాళ్టికి చాలు," అంది. ఆ మాటకి ముందు గుసగుస లేదు. అది ఆమె సొంత మాట.

చాలాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత, మెత్తగా… 'సరే. ఇంకొక్క పేజీ.'

"సరే," అంది అక్క. "ఇంకొక్క పేజీ."

బావ స్పీకరు వైపు వంగాడు. "మీ అక్క సరే అనదురా," అన్నాడు. "నా జన్మలో వినలేదు."

ఆపెయ్ బావా, పోదాం పద, అందామని తాళాలబ్బాయి నోరు తెరిచాడు.

'ఆపెయ్ బావా, పోదాం పద,' అంది స్పీకరు.

"ఆపెయ్ బావా, పోదాం పద," అన్నాడు తాళాలబ్బాయి. తన మాట తన నోట్లో చద్దిగా అనిపించింది. ఎవరో నమిలి ఇచ్చినట్టు.

బావ కదల్లేదు. తెర మీద డిస్కులోకి ఎక్కుతున్న గీత సగం దాటింది. "అది నిండనీరా. కొంచెమే."

'నేను లోపలికెళ్ళి చూసొస్తాను.'

అబ్బే, నేనా? అనుకున్నాడు తాళాలబ్బాయి. చచ్చినా వెళ్ళను. వెళ్ళనని అందామని నాలుక కదిపాడు. "నేను లోపలికెళ్ళి చూసొస్తాను," అంది నోరు.

కాళ్ళు లేచాయి. ఎప్పుడూ పది తాళాలు పెట్టి చూస్తే గానీ తెరుచుకోని ఆ తలుపుకి, చేతికొచ్చిన మొదటి తాళం సరిపోయింది. గుమ్మం దాటాడు. చీకట్లో పెట్టెల పచ్చ దీపాలు వేటికవి మినుకుమినుకుమనడం మానేసి, అన్నీ ఒక్కసారి వెలుగుతున్నాయి. ఒక్కసారి ఆరుతున్నాయి. ఊపిరిలా. ఫ్యాన్లు రాగం తీస్తున్నాయి. వేడి దుమ్ము వాసనలో ఇంకేదో వాసన… తెరిచిన నోటి వాసన.

చెయ్యి దానంతటదే ఆఖరి పెట్టె వెనక్కి పోయింది. పాత బిరడా వెచ్చగా ఉంది. వేళ్ళ కింద అది మెల్లగా పైకి లేచి, కిందికి దిగింది.

గుటక వేసింది.

గోడ కన్నంలోంచి గుసగుస ఇటే వచ్చింది. 'తలుపేసుకుంటాను.'

తలుపు… తాళాలబ్బాయి పెదాలు విడుతున్నాయి… తలుపేసు…

"అదేం కాదు!"

గోడ అవతల నుంచి బావ కేక. ఆ కేక తగలగానే నోరు తన నోరైంది, చెయ్యి తన చెయ్యైంది. దొరికినదాన్ని దొరికినట్టు పట్టుకుని పీకాడు. బిరడా ఊడింది, కేబులు ఊడింది, పెట్టె పక్కకి ఒరిగి కరెంటు తీగ తెంపుకుంది. ఫ్యాన్లు ఆగిపోయాయి. ఆగే ముందు ఆ రాగం నోరు తెరిచినట్టు ఒక్క క్షణం పెద్దదైంది.

తాళాలబ్బాయి ఏడుస్తూ వచ్చి బావ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "బతికించావు బావా."

"ఎందుకు పీకావురా?" అన్నాడు బావ. అతను తెర వైపే చూస్తున్నాడు. "నువ్వేదో గొణిగితే, 'ఆగిపోయింది' అన్నావనుకుని కాదన్నాను. ఇంకో పేజీ ఉందిరా. ఇంకొక్క పేజీ."

పెట్టెలు మళ్ళీ లేవలేదు. బావ చీకటి పడేదాకా వాటితో కుస్తీ పట్టాడు, బతిమాలాడు, ఆఖరికి వాటి మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. లారీ పొద్దున్నే వచ్చింది. లారీలు ఇలాంటప్పుడే వేళకొస్తాయి.

*

చిన్న డిస్కుని ఆ గందరగోళంలో తాళాలబ్బాయి జేబులో వేసుకున్నాడు. అందులో ఏమీ ఎక్కలేదని బావకి చెప్పాడు. సగం ఎక్కిందని అతనికి తెలుసు. ఏ సగం ఎక్కిందో తెలియదు. ఇంటికి తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో దాచాడు. అప్పట్నుంచీ అతని భార్య వేరే డబ్బాలో బియ్యం వాడింది. ఎందుకని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదని పక్కింటివాళ్ళు గోడకి చెవి పెట్టి మరీ చెప్పారు.

బావ మాత్రం బయటికి రావడం మానేశాడు. తిండి తగ్గింది. పాలవాడు కనిపిస్తే మెడకి గుడ్డ చుట్టుకుని చేత్తో సైగ చేస్తున్నాడట. జలుబు చేసిందేమో అన్నాడు పాలవాడు. కొంత కాలం పోయాక తాళాలబ్బాయికి మనసు ఆగలేదు. ఎంతయినా అందులో ఉన్నది అక్క. దెయ్యమో, దుమ్మో, దాని పక్కన ఉన్నది మాత్రం అక్కే. ఆ మనిషి గొంతు కోసమే కదా ఆయన ఎండిపోతున్నాడు. ఇచ్చేస్తే వింటాడు, ఏమైతే అదవుతుంది అనుకున్నాడు. దీపాలు పెట్టే వేళకి డిస్కు జేబులో వేసుకుని బావ వాళ్ళ వీధికొచ్చాడు.

గేటు మీద చెయ్యి వేశాడు.

లోపల అక్క చదువుతోంది.

"నాలుగో అధ్యాయం. తేనె తీసేటప్పుడు పాటించవలసిన…"

అతను మొదట సంతోషపడ్డాడు. అంత వెర్రిబాగుల మనిషి. ఎక్కడో ఇంకో కాపీ దొరికినట్టుంది బావకి, అనుకున్నాడు. తర్వాత గుర్తొచ్చింది. నాలుగో అధ్యాయం అక్క చదవనే లేదు. మూడో అధ్యాయంతోనే గొంతు పోయింది.

కిటికీ తెర కొంచెం తొలగి ఉంది. బావ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు తప్ప ఏమీ లేదు. స్పీకరు లేదు. కంప్యూటరు లేదు. పుస్తకం లేదు. మెడకి చుట్టిన గుడ్డ కింద గొంతుముడి పైకీ కిందికీ ఆడుతోంది. పెదాలు కదులుతున్నాయి. వాటిలోంచి అక్క గొంతు వస్తోంది. ఒక్కో వాక్యానికి ముందు కాస్త ఆగి, తల పక్కకి వంచి, ఏదో విని, అప్పుడు చదువుతున్నాడు. బావ మొహంలో ఇన్నాళ్ళకి బెంగ లేదు. కళ్ళ వెంట మాత్రం నీళ్ళు కారుతున్నాయి.

దగ్గు వచ్చింది. గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. గుడ్డ మీద ఎర్రగా అంటింది.

"గొంతు మండుతోంది," అన్నాడు బావ, ఈసారి తన సొంత గొంతుతో. ఆ గొంతు చాలా కొంచెమే మిగిలింది. "ఇవాళ్టికి చాలు."

నిశ్శబ్దం.

"సరే," అంది అక్క. "ఇంకొక్క పేజీ."

తాళాలబ్బాయి గేటు మీంచి చెయ్యి తీశాడు. వెనక్కి ఒక అడుగు వేశాడు. తాళాల గుత్తి గల్లుమంది.

లోపల చదువు ఆగింది. బావ కిటికీ వైపు చూడలేదు. తల పక్కకి వంచి వింటున్నాడు. వీధిలో మనిషి లేడు, కుక్క కూడా లేదు. ఎవరైనా ఒక్కరు… ఒక్క మాట కాదనేవాళ్ళు…

'వస్తున్నాను బావా,' అని వినిపించింది లోపల్నుంచి, మెత్తగా.

తాళాలబ్బాయి ఇంకా నోరు తెరవలేదు.